గడ్డం సబ్బులు: పాత కంపెనీలవా, చేతి తయారీవా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న సరంజామా అంతా ఒక అల్యూమినియం గిన్నెలో ఇమిడిపోయేది. అరిగి నడుమ గుంటపడ్డ గుండ్రటి సబ్బు, సగం కుచ్చు ఊడిన బ్రష్షు, ఒక పటిక ముక్క, అంతే. నేను మాత్రం ఉద్యోగంలో చేరగానే డబ్బాలోంచి బుస్సుమని వచ్చే నురగకు మారిపోయాను. మళ్లీ బ్రష్షు పట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. పట్టాక ఇంట్లో సబ్బులు పోగయ్యాయి. వాటిని చూసినవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి, జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఒంటిసబ్బుతో గడ్డం గీసుకుంటే ఏమవుతుంది?

కొంపలేమీ మునగవు. మన తాతల్లో చాలామంది స్నానానికి వెళ్తూ వెళ్తూ ఆ ఎర్రసబ్బుతోనే కానిచ్చేశారు. కాకపోతే ఒక చెంప పూర్తయి రెండో చెంపకు వెళ్లేలోపు ఆ నురగ ఆరిపోతుంది. ఒంటిసబ్బు చేయాల్సింది మురికిని పట్టుకుని నీళ్లతోపాటు వెళ్లిపోవడం. గడ్డం సబ్బు వెళ్లకూడదు. పది నిమిషాలు ముఖం మీద కూర్చోవాలి, వెంట్రుక చుట్టూ తడిని పట్టి ఉంచాలి, బ్లేడు కింద జారుడు పొర వేయాలి.

ఈ తేడా తయారీలోనే ఉంది. ఏ సబ్బైనా కొవ్వు, క్షారం కలిస్తే వచ్చేదే. ఒంటిసబ్బులో క్షారం కాస్టిక్ సోడా. దానితో సబ్బు గట్టిగా వస్తుంది, నీళ్లలో నెమ్మదిగా కరుగుతుంది. గడ్డం సబ్బులో కాస్టిక్ పొటాష్ వాడతారు, లేదా రెండూ కలుపుతారు. పొటాష్ సబ్బు మెత్తన, నీళ్లను తొందరగా తీసుకుంటుంది. దానికి తోడు కొవ్వుల్లో ఉండే స్టియరిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. పెరుగు మీద మీగడలా చిక్కగా, బుడగలు కనిపించకుండా నిలబడే నురగ ఈ జంట వల్లే వస్తుంది. కొబ్బరి నూనె కూడా కలుపుతారు గానీ అది తొందరగా పొంగడానికి. మోతాదు మించితే చర్మం బిగుసుకుపోతుంది.

సంప్రదాయ సబ్బు ఏది, ఆర్టిజన్ సబ్బు ఏది? గీత ఎక్కడ?

గట్టి గీత ఏమీ లేదు. మామూలుగా సంప్రదాయ సబ్బులంటే దశాబ్దాలుగా, కొన్ని శతాబ్దం పైగా, యూరప్ కంపెనీలు పెద్ద యంత్రాల మీద చేస్తున్నవి. మంచి రకాల్లో సబ్బును రోలర్ల మధ్య మూడుసార్లు నలిపి, తేమ తగ్గించి, అచ్చులో నొక్కుతారు. అందుకే ఆ బిళ్ల రాయిలా ఉంటుంది, నెలల తరబడి అరగదు. ఇటలీవాళ్ల పద్ధతి వేరు. క్రీముకీ బిళ్లకీ నడుమ, తడి హల్వాలా మెత్తగా ఉండే సబ్బు వాళ్లది.

ఆర్టిజన్ అంటే ఒక మనిషో, ఒక కుటుంబమో, నలుగురైదుగురి చిన్న కార్ఖానానో కాగు పెట్టి, వేడిగా వండి, డబ్బాల్లో పోసి అమ్మేది. అమెరికాలో గత పది పదిహేనేళ్లలో ఇది పెద్ద సందడే అయింది. ఆర్కన్సాలోని స్టిర్లింగ్, బారిస్టర్ అండ్ మ్యాన్, డిక్లరేషన్ గ్రూమింగ్, నోబుల్ ఆటర్, హోలీ కా లాంటి పేర్లు అక్కడివే. వీళ్లు యంత్రంతో నలపరు, అందుకే సబ్బు మెత్తగా ఉంటుంది. కొవ్వులు ధారాళంగా వేస్తారు. తయారీలో పుట్టిన గ్లిజరిన్‌ను తీయకుండా అలాగే వదిలేస్తారు. పెద్ద ఫ్యాక్టరీలు చాలావరకు దాన్ని వేరుచేసి విడిగా అమ్ముకుంటాయి.

‘చేతితో చేసింది’ అనగానే గొప్పదనుకోకండి. కరిగించి పోసే రెడీమేడ్ సబ్బు దిమ్మ కొని, రంగూ వాసనా కలిపి, ‘హ్యాండ్‌మేడ్’ చీటీ అంటించేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. దానితో స్నానం చేయొచ్చు. గడ్డానికి పనికిరాదు.

చీటీ మీది పేర్లు చూసి మంచిచెడ్డలు చెప్పగలమా?

కొంతవరకు చెప్పగలం. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాస్తారు. మొదటి మూడు నాలుగు పేర్లలో పొటాషియం స్టియరేట్, స్టియరిక్ ఆమ్లం, పొటాషియం టాలోవేట్ లాంటివి ఉంటే అది గడ్డం కోసం ఆలోచించి చేసిన సబ్బే. మొదటి పేరు సోడియం పామేట్ అయి, పొటాషియం ఊసే లేకపోతే ఒంటిసబ్బుకే వేరే చొక్కా తొడిగారన్నమాట. ఇలాంటివి కొన్ని నురగ బాగానే ఇస్తాయి, కానీ బ్లేడు కింద నిలవవు.

చివరి వరుసలో కనిపించే ఈడీటీఏ, ఎటిడ్రోనేట్ లాంటి పేర్లు చూసి బెదిరిపోవద్దు. అవి నీటిలోని కాల్షియాన్ని బంధించడానికి వేసేవి. మన బోరునీళ్లకు వాటి సాయం కావాలి కూడా.

ఆర్టిజన్ చీటీలు చదవడం ఒక కాలక్షేపం. షియా వెన్న, మామిడి టెంక వెన్న, మేకపాలు, గాడిదపాలు, అడవిదున్న కొవ్వు, బాతు కొవ్వు, ఒక్కొక్కరిది ఒక్కో పంట. వాటి మధ్యలో మనకు తెలిసిన రెండు పేర్లు తరచూ తగులుతాయి. ఒకటి కోకం వెన్న. కొంకణ తీరంలో పులుపు కోసం కూరల్లో వేసే కోకం ఉందే, దాని గింజల్లోంచి తీసేది. అందులో స్టియరిక్ ఆమ్లం సగానికి అటూఇటూగా ఉంటుంది కాబట్టి గడ్డం సబ్బుకు అతికినట్టు సరిపోతుంది. రెండోది ఆముదం. నురగను సాగేలా, నిలిచేలా చేస్తుంది. పాలమూరు, నల్లగొండ వైపు చెల్కల్లో ఆముదపు చెట్లు చూసి పెరిగినవాళ్లకు ఇరవై డాలర్ల డబ్బా మీద ఆ పేరు కనిపిస్తే ముచ్చటగానే ఉంటుంది.

టాలో అంటే పశువుల కొవ్వేనా? మా ఇంట్లో ఒప్పుకోరు.

అవును, పశువుల కొవ్వే. ఎక్కువగా ఆవుజాతిది, కొన్నిచోట్ల గొర్రెది. ఏ జంతువుదో చాలా చీటీల మీద రాయరు. ‘టాలోవేట్’ అన్న మాట కనిపిస్తే అంతవరకే మనకు తెలిసేది. ‘లార్డేట్’ అని ఉంటే పందికొవ్వు. హైదరాబాదులో నా స్నేహితుడొకడు ఆర్టిజన్ సబ్బు కొనేముందు ఈ మాట కోసమే వెతుకుతాడు, నేను ముందటి మాట కోసం వెతుకుతాను. ఇద్దరం ఒకే చీటీ చదువుతాం.

ఈ గోల మన దేశానికి కొత్తదేమీ కాదు. గోద్రెజ్ వాళ్లు 1918లో జంతువుల కొవ్వు లేకుండా, నూనెలతోనే చేసిన ‘చావీ’ సబ్బు తెచ్చారు. దాన్ని అమ్మడానికి ఆ మాటే పెద్ద బలం. ఆ తర్వాత కూడా సబ్బు పరిశ్రమకు విదేశీ టాలో దిగుమతి అవుతూనే ఉండేది. 1983లో వనస్పతిలో పశువుల కొవ్వు కలిపారన్న రగడ లేచాక ఆ దారి మూసుకుపోయింది. పెద్దవాళ్లను అడగండి, డాల్డా డబ్బా వైపు చూడటం మానేసిన ఇళ్ల కథలు చెబుతారు.

మరి శాకాహార సబ్బు తీసిపోతుందా? పదేళ్ల కిందట అడిగితే కొంచెం నసిగేవాణ్ణి. ఇప్పుడు నసగను. టాలోలో స్టియరిక్, పాల్మిటిక్, ఒలియిక్ ఆమ్లాలు ఒక మంచి పాళ్లలో వాటంతటవే కలిసి ఉంటాయి. కోకం, షియా, పామ్‌తో వచ్చే స్టియరిక్‌ను సరిగ్గా కలిపితే అదే పాళ్లను నూనెల్లోనూ తెచ్చుకోవచ్చు. కళ్లకు గంతలు కట్టి నా ముఖానికి రాస్తే, మంచి వీగన్ సబ్బునూ (అంటే జంతువుల సరుకేదీ లేనిది) మంచి టాలో సబ్బునూ నేనైతే విడదీసి చెప్పలేను.

ఒక్క జాగ్రత్త. టాలో లేనంత మాత్రాన శాకాహారం అయిపోదు. స్టియరిక్ ఆమ్లం, గ్లిజరిన్ రెండూ జంతువుల నుంచీ వస్తాయి, మొక్కల నుంచీ వస్తాయి. పట్టింపు ఉన్నవాళ్లు ‘వీగన్’ అని స్పష్టంగా రాసినదే తీసుకోవాలి. లానోలిన్ మరో రకం చిక్కు. అది గొర్రె ఉన్ని మీది జిడ్డు, గొర్రెను చంపక్కర్లేదు. వీగన్లు వద్దంటారు. మా ఇంట్లో ఆ విషయం మీద తీర్పు ఇంకా రాలేదు.

పాత కంపెనీల్లో పేరున్నవి ఏవి? ఏది ఎలా ఉంటుంది?

నేను కొన్నేళ్లుగా తిప్పితిప్పి వాడినవే చెబుతాను.

ఆర్కో: టర్కీది, ఎవ్యాప్ కంపెనీ సరుకు. చుట్టలా ఉండే 75 గ్రాముల కర్ర. తడిపిన గడ్డం మీద నేరుగా రుద్ది, బ్రష్షుతో అదే ముఖం మీద నురగ తీయడమే. ధర తక్కువ, పని గట్టిది. వాసన మాత్రం నిమ్మగడ్డి నూనె పోసిన బాత్రూములా ఉంటుందని కొందరు పారిపోతారు. నాకు రెండో వారానికి అలవాటైంది. టాలో ఉంటుంది.

ప్రొరాసో: ఫ్లోరెన్స్‌కు చెందిన మార్తెల్లి కుటుంబానిది. ఆకుపచ్చ డబ్బాలో నీలగిరి తైలం, మెంథాల్. తెల్లదానిలో గ్రీన్ టీ, ఓట్స్, సున్నితమైన చర్మం కోసం. ఎర్రదానిలో గంధం, షియా వెన్న. వైశాఖ మాసంలో విజయవాడ ఎండల్లో ఆకుపచ్చది రాసుకుంటే ముఖానికి ఫ్యాను పెట్టినట్టుంటుంది. మొదటిసారి బ్రష్షు పట్టేవాళ్లకు ఇంతకంటే తేలిగ్గా నురగనిచ్చేది నాకు తెలియదు.

చెల్లా: మిలాన్‌ది, 1899 నుంచి ఉంది. ఎర్రటి డబ్బా, బాదం వాసన, మెత్తటి సబ్బు. ఇటలీ మంగలి షాపులకు కిలో ఇటుకల్లా అమ్ముతారు. ఒక ఇటుక నలుగురు పంచుకుంటే చాలా నెలల దాకా ఇంకో సబ్బు మాట ఎత్తరు.

టబాక్: జర్మనీది, 1959లో వచ్చిన సెంటు పేరు మీదే సబ్బూ. పౌడరు పూసిన పెద్దాయన పక్కన నిల్చున్నట్టుంటుంది వాసన. ఈ మధ్య దీనిలోంచి టాలో తీసేసి నూనెలకు మారారు. పాత అభిమానులు ఇంట్లో మనిషి పోయినంత బాధపడ్డారు. కొత్తది మరీ తీసేయదగ్గదేమీ కాదు.

మిచెల్స్ వుల్ ఫ్యాట్: ఉన్ని మిల్లుల ఊరు బ్రాడ్‌ఫర్డ్‌ది, లానోలిన్ దీని ప్రాణం. గీసుకున్నాక చర్మం పసిపిల్లల బుగ్గలా ఉంటుంది. కానీ ఇది మొండిఘటం. కఠినజలంతో దీని దగ్గరికి వెళ్తే చేతులు నొప్పి పుట్టడం తప్ప లాభం లేదు.

లండన్ దుకాణాలు మరో వర్గం. డీ.ఆర్.హారిస్ 1790 నాటిది, ట్రూఫిట్ అండ్ హిల్ 1805 నాటిది, ట్రంపర్ 1875 నాటిది. ట్రూఫిట్ సెలూన్లు మన దేశంలోనూ ఉన్నాయి. కొయ్య గిన్నెలో బిళ్ల పెట్టి ఇస్తారు. సబ్బు మంచిదే, సందేహం లేదు. ఇచ్చే డబ్బులో సగం మాత్రం ఆ గిన్నెకూ ఆ ఇంటిపేరుకూ పోతుందని నా నమ్మకం.

మరి గోద్రెజ్ షేవింగ్ రౌండ్ సంగతి?

మా ఊరి మంగలి షాపులో అద్దం ముందు ఎప్పుడూ ఉండేది అదే. నేటికీ అక్కడక్కడా దొరుకుతుంది. నురగ తొందరగా వస్తుంది, తొందరగానే ఆరుతుంది. మంగలి చెయ్యి వేగం కాబట్టి ఆయనకు సరిపోయేది. మనం అద్దంలో చూసుకుంటూ మెల్లగా గీసుకునేవాళ్లం కాబట్టి నడుమ ఒకసారి తడి బ్రష్షు ఆనించుకోవాలి. బ్రష్షు పట్టడం నేర్చుకోవడానికి ఇది చాలు. ఖరీదైన సబ్బు వృథా చేసుకుంటూ నేర్చుకోనక్కర్లేదు.

ఆర్టిజన్‌కు మారితే నిజంగా తేడా తెలుస్తుందా, లేక డబ్బు చేదా?

ఇది నేనే నన్ను అడుగుకుని, మూడు వారాలు ఒక పని చేశాను. ఎడమ చెంపకు పాత ఇటలీ సబ్బు, కుడి చెంపకు ఒక అమెరికా ఆర్టిజన్ సబ్బు. అదే బ్లేడు, అవే నీళ్లు, వారానికోసారి చెంపలు మార్చడం. మా ఆవిడ చూసి తలపట్టుకుంది గానీ సంగతి తేలింది.

గీసేటప్పుడు తేడా లేదు. లేదంటే లేదు. వెంట్రుక వాలిన వైపు గీసిన మొదటి గీతకు రెండు చెంపల మీదా బ్లేడు ఒకేలా నడిచింది. తేడా రెండుచోట్ల కనిపించింది. ఒకటి, నురగ తుడిచాక దవడ కింద మిగిలిపోయిన నాలుగు వెంట్రుకల కోసం వట్టి నీళ్లు చల్లి మళ్లీ గీస్తే ఆర్టిజన్ వైపు ఇంకా జారుడుగానే ఉంది, పాత సబ్బు వైపు బ్లేడు పట్టేసింది. రెండోది, గంట తర్వాత ఆఫీసులో ఏసీ కింద కూర్చుంటే పాత సబ్బు చెంప కాస్త బిగుసుకుంది, రెండోది బిగుసుకోలేదు. సబ్బుగా మారకుండా మిగిలిపోయే అదనపు కొవ్వూ, వేరుచేయకుండా వదిలేసిన గ్లిజరినూ చేసే పని అదే.

కాబట్టి పొడిచర్మం ఉన్నవాళ్లకూ, ఎదురు గీసేవాళ్లకూ ఆర్టిజన్ డబ్బు దండగ కాదు. జిడ్డు చర్మం ఉన్నవాడు, వాలుగా ఒక్కసారి గీసి వెళ్లిపోయేవాడు పాత సబ్బుతో హాయిగా ఉండొచ్చు. ఆమాటకొస్తే జిడ్డు చర్మానికి ఆ అదనపు కొవ్వు చిరాకే.

పాత కంపెనీల్లో నాకు నచ్చేది ఇంకోటుంది, నిలకడ. ఈ ఏడు కొన్న బిళ్ల, మూడేళ్ల తర్వాత కొన్న బిళ్ల దాదాపు ఒకటే. టబాక్‌కు జరిగినట్టు ఎప్పుడో ఒకసారి మారుస్తారు. ఆర్టిజన్లు ఏడాదికో కొత్త పాకం వండుతారు. మనకు నచ్చిన వాసన దసరాకు వస్తుంది, సంక్రాంతికల్లా ఉండదు.

యూట్యూబులో చూపించినట్టు గుట్టగా నురగ రావట్లేదు. సబ్బు నకిలీదా?

చాలావరకు తప్పు నీళ్లది. హైదరాబాదు అపార్టుమెంట్లలో బోరు, ట్యాంకరు నీళ్లు కలిసి వస్తాయి. గీజరు కాయిల్ మీద తెల్లగా సున్నం పేరుకుంటోందా? అయితే ఆ కాల్షియం, మెగ్నీషియమే మీ సబ్బునూ తినేస్తున్నాయి. స్టియరేట్‌తో కలిసి కరగని తెల్లటి తెట్టుగా మారిపోతాయి. గిన్నె అంచుకు అంటుకునే జిగురు అదే. ముందు ఆ ఖనిజాల కడుపు నిండాలి, ఆ తర్వాత మిగిలిన సబ్బే నురగవుతుంది.

దీనికి మందు తేలిక. తాగే ఆర్వో ఫిల్టరు నీళ్లు ఒక గ్లాసు గోరువెచ్చగా చేసుకుని, బ్రష్షు నానబెట్టడానికీ నురగకూ అవే వాడండి. ముఖం కడగడానికి కుళాయి నీళ్లు చాలు. కాచి చల్లార్చిన నీళ్లతో కొంత నయమే గానీ అన్ని రకాల కాఠిన్యమూ కాచితే పోదు. వానాకాలంలో డాబా మీద బిందె పెట్టి పట్టిన నీళ్లతో ఒకసారి చేసి చూడండి. అదే సబ్బేనా అని మీకే అనుమానం వస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. సియాటెల్, న్యూయార్క్ కుళాయి నీళ్లు మెత్తన. ఫీనిక్స్, శాన్ ఆంటోనియో నీళ్లు బాగా కఠినం. సియాటెల్లో ఉన్న తమ్ముడు ‘అద్భుతం’ అని పంపిన సబ్బు ఫీనిక్స్‌లో ఉన్న అన్నయ్యకు అక్కరకు రాకపోతే ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడినట్టు కాదు.

ఇంకోమాట, గుట్టగా లేవడం గొప్ప కాదు. సబ్బులో గాలి ఎక్కువ చేరితే గుట్ట లేస్తుంది. చూడటానికి బావుంటుంది, గీసేటప్పుడు ఏమీ ఉండదు. వేళ్ల మధ్య రుద్దితే జారాలి, తళతళలాడాలి, బుడగలు కనపడకూడదు. నాకైతే పెళ్లిభోజనంలో గడ్డపెరుగులా కంటే ఇంట్లో చిలికిన పెరుగులా ఉన్నదే నచ్చుతుంది.

నురగ తీసే పద్ధతి ఒక్కసారి చెప్పండి.

గట్టి బిళ్ల అయితే స్నానానికి వెళ్లేముందు దాని మీద రెండు చెంచాల వేడినీళ్లు పోసి వదిలేయండి. మెత్తటిదానికి ఇది అక్కర్లేదు. బ్రష్షును నీళ్లలో ముంచి, ఒకసారి గట్టిగా దులిపి, సబ్బు మీద అర నిమిషం తిప్పండి. కొత్తవాళ్లంతా పదిసార్లు తిప్పి ఆపేస్తారు, అక్కడే చెడుతుంది. కుచ్చు కొనలకు జిగురుగా సబ్బు పట్టాలి. ఆ తర్వాత నేరుగా ముఖం మీదో, గిన్నెలోనో తిప్పుతూ, చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ పోండి. ఆర్టిజన్ సబ్బులు మీరనుకున్నదానికంటే ఎక్కువ నీళ్లు తాగుతాయి. ఉప్మాకు నీళ్లు పోసినట్టే, ఒక్కసారిగా పోస్తే తిరిగి రాదు.

సబ్బు రాసుకునే ముందు గడ్డం రెండు మూడు నిమిషాలు తడిసి ఉండాలి. పొడి వెంట్రుక మొండిది, తడిసినది బ్లేడుకు తేలిగ్గా లొంగుతుంది. స్నానం చేశాక గీసుకోవడం ఉత్తమం. మనలో చాలామంది గడ్డం గీసుకున్నాకే స్నానం చేయాలంటారు కాబట్టి, వేడి తడి తువ్వాలు కాసేపు అద్దుకోండి.

బ్రష్షు ఏది కొనాలి?

సింథటిక్. తొందరగా ఆరుతుంది, నానబెట్టే పని లేదు, జంతువు గొడవా లేదు. పంది వెంట్రుకల బ్రష్షు గట్టి బిళ్లలకు బాగుంటుంది, కానీ దాన్ని ముందు నానబెట్టాలి, దారికి రావడానికి నెల పడుతుంది. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల బ్రష్షు ఖరీదు.

సబ్బు రాసుకున్నాక ముఖం మంట పుడుతోంది.

మొదట అనుమానించాల్సింది వాసనను. సబ్బు క్షారస్వభావం ఎలాగూ ఉంటుంది, దాన్ని చాలామంది చర్మం తట్టుకుంటుంది. దాల్చినచెక్క, లవంగం, నిమ్మ జాతి నూనెలు, మోతాదు మించిన మెంథాల్ తట్టుకోలేనివాళ్లు ఎక్కువ. ఆర్టిజన్లు సెంటు విషయంలో ఉదారంగా ఉంటారు. పేరున్న ఒక డబ్బా రాసుకున్న రెండో నిమిషంలో నేను సింకు దగ్గరికి పరుగెత్తాను. వాసన మాత్రం అద్భుతం, ఇప్పటికీ మూత తీసి చూస్తుంటాను.

కొత్త సబ్బును మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడటం మంచిది. వాసన లేని రకాలు దాదాపు అన్ని ఆర్టిజన్ల దగ్గరా ఉంటాయి. లానోలిన్ కూడా కొందరికి పడదు. సబ్బు మార్చినా మంట తగ్గకపోతే బ్లేడు మొండిదై ఉండాలి, లేదా మీ చెయ్యి బరువుదై ఉండాలి. పొక్కులు, ఎర్రటి దద్దుర్లు తగ్గకుండా ఉంటే చర్మవైద్యుణ్ణి కలవండి.

‘శాండల్‌వుడ్’ అని రాసి ఉన్నవి మన గంధపు వాసనేనా?

ఆశ పెట్టుకోకండి. సాన మీద అరగదీసిన గంధం కాదది. లండన్ శాండల్‌వుడ్ అంటే లావెండరు, జెరేనియం, ఏవో మసాలాలు కలిసిన ఒక పాత మంగలి షాపు వాసన. బాగుంటుంది, కానీ మన గుడి వాసన కాదు. వట్టివేరు మాత్రం మోసం చేయదు. ఆర్టిజన్లకు అదంటే ఇష్టం, ‘వెటివర్’ అని రాస్తారు. మే నెలలో తడిపిన తడికల వాసన కావాలంటే అది తీసుకోండి.

ఒక డబ్బా ఎన్నాళ్లు వస్తుంది?

చిన్న కాటా మీద తూచి చూశాను. గట్టి బిళ్ల నుంచి గడ్డానికి సుమారు ఒక గ్రాము, మెత్తటి ఆర్టిజన్ నుంచి గ్రామున్నర పోతోంది. ఆ లెక్కన వంద గ్రాముల బిళ్ల వందసార్లు, ఆర్టిజన్లు మామూలుగా అమ్మే నాలుగు ఔన్సుల డబ్బా, అంటే 113 గ్రాములు, 75 సార్లు. ఇరవై డాలర్ల డబ్బా అయితే గడ్డానికి పావు డాలరు కంటే కొంచెం ఎక్కువ. అమెరికాలో ఉన్నవాడికి అది లెక్కలోది కాదు. పోస్టేజీ, కస్టమ్స్ కట్టి ఇక్కడికి తెప్పించుకునేవాడికి మాత్రం ఆ పావు డాలరు రెండింతలు, మూడింతలు అవుతుంది. ఎవరైనా వస్తుంటే సూట్‌కేసులో పెట్టమనడమే మనవాళ్ల పద్ధతి. గట్టి బిళ్ల, కర్ర చేతిసంచీలో పెట్టినా ఇబ్బంది ఉండదు. క్రీములకు చాలా విమానాశ్రయాల్లో వంద మిల్లీలీటర్ల నిబంధన ఉంది. మెత్తటి సబ్బును తనిఖీలో క్రీము అనుకునే అవకాశం ఉంది కాబట్టి దాన్ని పెద్దపెట్టెలో వేయమనండి.

వేసవిలో సబ్బు చెమటలు పడుతోంది, వానల్లో వాసన మారుతోంది.

చెమట గ్లిజరిన్‌ది. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. పాడైనట్టు కాదు, తుడిచేయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇది ఏడాదంతా ఉంటుంది. గీసుకోగానే తడి డబ్బాకు మూత పెట్టడమే అసలు తప్పు. మూత పక్కన పెట్టి పూర్తిగా ఆరనివ్వండి, ఆ తర్వాతే మూయండి. నారింజ రంగు మచ్చలు పడి, పాత నూనె డబ్బా కంపు వస్తే మాత్రం కొవ్వు చెడిందన్నమాట. అదనపు కొవ్వున్న ఆర్టిజన్ సబ్బులకే ఈ గండం ఎక్కువ. అందుకే సేల్ పెట్టారు కదా అని పది డబ్బాలు కొని బీరువాలో దాచొద్దు. ఈ సలహా ఇస్తున్నవాడి బీరువాలో ప్రస్తుతం పద్నాలుగు ఉన్నాయి.

బిళ్ల అరిగి బిస్కెట్టు ముక్కలా మిగిలింది. పారేయాలా?

అక్కర్లేదు. ముక్కనూ కొత్త బిళ్లనూ రెండింటినీ తడిపి, ముక్కను దాని మీద పెట్టి బొటనవేలితో నొక్కి, రాత్రంతా వదిలేయండి. అతుక్కుపోతుంది. వేర్వేరు రకాల ముక్కలు పోగైతే కొబ్బరి కోరుతో కోరి, రెండు చెంచాల వేడినీళ్లు చల్లి, ఒక స్టీలు గిన్నెలో అదిమి పెట్టండి. రెండు రోజుల్లో గట్టిపడుతుంది. టబాకూ ఆర్కో కలిసిన నా గిన్నె వాసన ఏమిటో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఆ కోరు మాత్రం మళ్లీ వంటింట్లోకి రానివ్వనని మా ఆవిడ తేల్చిచెప్పింది కాబట్టి, మీరు ముందే ఒకటి విడిగా కొనుక్కోండి.